గీత దాటిన మచ్చ

"చొక్కా విప్పమంటే ఇంత బతిమాలించుకునే మగవాణ్ణి మిమ్మల్నే చూశాను," అంది వదిన.

"బతిమాలించుకోకుండా విప్పేవాళ్ళని ఎంతమందిని చూశావేమిటి?" అన్నాడు అన్నయ్య, ఎప్పుడూ పెట్టుకోని కాలరు బొత్తాం కూడా పెట్టేసుకుంటూ.

"మాట మార్చకండి. వెనక్కి తిరగండి."

"ఆస్పత్రి కోట్లు ఇచ్చి రావాలి, హోటలు దుప్పట్లు తేవాలి, మధ్యాహ్నానికల్లా ఇస్త్రీ మొదలెట్టాలి. పొద్దున్నే నా వీపుతో ఏం పని నీకు? అదెక్కడికీ పోదు, సాయంత్రం చూద్దువుగాని."

"నాకు వీపుతో పనిలేదు. దాని మీద ఉన్నదానితోనే పని."

బల్ల చివర టీ తాగుతున్న చిన్నోడు కప్పులోకి తల దించుకున్నాడు. ఈ గొడవ వారం పైగా నడుస్తోంది. ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవాళ్ళు మధ్యాహ్నం దాకా పలకరు. చిన్నోడికి వయసు నలభై దాటింది, నడినెత్తి నున్నబడింది, అయినా ఆ ఇంట్లో ఆఖరున పుట్టాడు కాబట్టి చిన్నోడే. పెళ్ళి చేసుకుని ఉంటే కనీసం ఒక్కరైనా "ఏమండీ" అని పిలిచేవారని అమ్మ అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉంటుంది.

మేడ మీద ఇల్లు, కింద బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే కొట్టు. అన్నయ్య స్కూటరు మీద ఊరంతా తిరిగి బట్టలు తెస్తాడు, ఇస్తాడు, మిగిలిన వేళ ఇస్త్రీ చేస్తాడు. అమ్మ ఊడిన బొత్తాలు కుడుతుంది. వదిన ముందు బల్ల దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి బట్టనీ పరిచి చూసి, మరక కనిపించిన చోటల్లా నీలం పెన్సిలుతో గుండ్రం చుడుతుంది. ఆ గుండ్రాల వెంట పోవడమే చిన్నోడి పని. గుండ్రం ఉంటే మందు వెయ్యాలి, ఎముక బద్దతో మెల్లగా గీకాలి, తడిగుడ్డతో ఒత్తాలి. గుండ్రం లేకపోతే ముట్టుకోకూడదు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. ఇన్నేళ్ళలో చిన్నోడు ఆలోచించనూ లేదు.

ఆస్పత్రి కోట్లు తెచ్చే నర్సు ఒకావిడ మాటల్లో మాటగా చర్మానికి వచ్చే క్యాన్సరు గురించి వదినకి చెప్పడంతో ఇదంతా మొదలైంది. పుట్టుమచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, అంచు గజిబిజిగా ఉన్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించినా, పెరుగుతున్నా, దురద పెట్టినా, రక్తం కారినా చూపించుకోవాలని చెప్పింది. ఎన్నాళ్ళకీ మానని పుండునీ వదిలెయ్యకూడదంది. వదినకి ఒళ్ళంతా కళ్ళయ్యాయి. జీవితమంతా మరకలు వెతికిన మనిషి. ఎవరైనా ఇంటికొస్తే ముందు కాలరు చూసి తర్వాత ముఖం చూస్తుంది. అలాంటి మనిషికి మొగుడి వీపు మీద, మెడకి కాస్త కిందగా, ఇన్నేళ్ళూ పట్టించుకోని మచ్చ కనిపించింది.

ఆ రోజు నుంచి అన్నయ్యకి పొడుగు చేతుల చొక్కాలు, వెడల్పు అంచు టోపీ, ముఖానికి మెడకి ఎండ తగలకుండా రాసుకునే క్రీము వచ్చిపడ్డాయి. క్రీము మరీ దట్టంగా పట్టించడం వల్ల హోటలు గేటు దగ్గర కాపలావాడు, "ఏ నాటకంలో వేషం సార్?" అని అడిగాడట. దాన్ని భరించాడు కానీ, వీపు చూపించడానికి మాత్రం అన్నయ్య ససేమిరా అన్నాడు. డాక్టరంటే భయమని ఒప్పుకోవడం ఇష్టంలేక తీరిక లేదంటాడు.

"సరే," అంది వదిన చివరికి. "ఒక్క గుండ్రం గీస్తాను. మచ్చ ఆ గీత లోపలే ఉన్నంతకాలం మిమ్మల్ని డాక్టరు దగ్గరికి రమ్మనను. గీత దాటిందో, చెయ్యి పట్టుకుని లాక్కుపోతాను. ఒప్పుకుంటారా?"

అన్నయ్య ఆలోచించాడు. మచ్చలు నడవవని అతని ధీమా. చొక్కా విప్పి వెనక్కి తిరిగాడు. వదిన పెన్సిలు మొన తడిచేసి, మచ్చ చుట్టూ నీటుగా నీలం గుండ్రం చుట్టింది.

మధ్యాహ్నం కొట్లో ఆవిరి కమ్ముకుని ఉంది. మూట విప్పిన ఆస్పత్రి తెల్లకోట్లు మరకల బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. ఎండన పడి తిరిగొచ్చిన అన్నయ్య చొక్కా విప్పి, మెడ సాగి మచ్చ కిందకి జారిన తెల్ల బనీనుతో ఆ గుట్ట మీదే బోర్లా వాలి, కునుకు తీశాడు. చిన్నోడు భోజనం ముగించి వచ్చాడు. కళ్ళజోడు అద్దాలు ఆవిరికి మసకబారాయి. తుడుచుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో మందు సీసా, రెండో చేతిలో ఎముక బద్ద ఉన్నాయి. బల్ల ఈ చివర నుంచి పని మొదలుపెట్టాడు. తెల్లబట్ట, నీలం గుండ్రం, మధ్యలో మరక. ఒక చుక్క, నాలుగు గీకులు, ఒక ఒత్తు. తెల్లబట్ట, నీలం గుండ్రం, మధ్యలో నల్లటి సిరా చుక్క. సిరాకి వేరే సీసా. ఘాటైన మందు, ఒక చుక్క చాలదు, రెండు వేశాడు. గట్టిగా గీకాడు.

కోట్ల గుట్ట కెవ్వుమంది.

"అబ్బా! ఏదో కుట్టిందిరా!" అంటూ అన్నయ్య లేచి, వీపు అందక గిరగిరా తిరిగాడు.

చిన్నోడికి అప్పుడు అర్థమైంది. సీసా వెనక్కి దాచుకున్నాడు. "చీమ... చీమై ఉంటుంది అన్నయ్యా," అన్నాడు.

నిజం చెప్పేయాల్సిన క్షణం అదే. కానీ కిందటి నెలే ఒక పెళ్ళికొడుకు కోటు మీద తప్పు మందు వేసి, జేబు దగ్గర చేయి పట్టేంత కన్నం పెట్టాడు. ఆ విషయం వదిన ఇంకా మరిచిపోలేదు. ఇంతలో అన్నయ్య చొక్కా తొడుక్కుని మళ్ళీ స్కూటరెక్కాడు. మందు మీద చెమట, చెమట మీద చొక్కా. ఆ మందు ఊలుని ఏం చేస్తుందో చిన్నోడికి తెలుసు. మనిషిని ఏం చేస్తుందో ఎప్పుడూ తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

సాయంత్రం వదిన వీపు చూసింది. మేడ మీది నుంచి కింద కొట్లోకి వినిపించేలా అరిచింది.

"దాటేసింది! పొద్దున గీస్తే సాయంత్రానికి దాటేసింది! అంచు చూడండి అత్తయ్యా, చింపిరి గుడ్డలా ఎలా అయిందో. మధ్యలో నలుపు, చుట్టూ ఎరుపు, ఆ చివర ఊదా. ఏమండీ, దురద పెడుతోందా?"

"మంట," అన్నాడు అన్నయ్య నీరసంగా.

"మంటట!" అంది వదిన, అమ్మ వైపు తిరిగి.

అమ్మ దగ్గరికొచ్చి చూసింది. "చెమటకి పొక్కి ఉంటుంది. దీనికింత గోల దేనికి?" అని, చల్లగా ఉంటుందని ఇంత టూత్‌పేస్టు తెచ్చి పూసింది. ఇప్పుడు మచ్చలో తెలుపు కూడా చేరింది. రంగులు లెక్కపెడుతున్న వదిన కుర్చీలో కూలబడింది.

గుమ్మంలో నిలబడ్డ చిన్నోడు లోపలికి వచ్చాడు. మామూలు మచ్చ తన మందు వల్ల క్యాన్సరుగా మారిపోయి ఉంటే? "వదినా, నేనొక మాట..." అన్నాడు.

"నువ్వేం చెప్పకు," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు ధైర్యం చెబితే నాకింకా ఏడుపొస్తుంది."

ఆ రాత్రి చిన్నోడికి కంటి మీద కునుకు లేదు. తెల్లవారేసరికి ఒక ఉపాయం తట్టింది. సిరా మందు వేసిన బట్టని ఆఖరున వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడిస్తే బట్ట నెమ్మదిస్తుంది. అన్నయ్యని కూడా జాడిస్తే సరిపోతుంది. చెంబులో నీళ్ళు కలిపి స్నానాలగది తలుపు తట్టాడు.

"అన్నయ్యా, వీపు రుద్దనా?"

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. "ఏమిటీ?"

"వీపు. నీకు అందదు కదా అనీ..."

ఊహ తెలిశాక ఆ అన్నదమ్ములు ఒకరి వీపు ఒకరు రుద్దుకున్న పాపాన పోలేదు. అన్నయ్య తలుపు కొంచెం తెరిచి, తమ్ముడి ఎర్రబడ్డ కళ్ళు, చేతిలో చెంబు, జాలి నిండిన ముఖం చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. వెనిగర్ నీళ్ళు తగలగానే పళ్ళు బిగపట్టాడు.

"నీకు నర్సమ్మ ఏమైనా చెప్పిందట్రా?" అన్నాడు కాసేపటికి.

"లేదు అన్నయ్యా!"

"సరేలే. చెప్పొద్దని ఉంటుంది." తల పంకించాడు. "స్కూటరుకి ఎడమ వైపు అద్దం వదులు. జాగ్రత్తగా నడుపు. ఇస్త్రీ యంత్రం ఎక్కువ వేడెక్కితే పక్కన ఒక్కటి కొడితే చాలు, గట్టిగా కొట్టకు. మీ వదిన మాట గట్టిది, మనసు కాదు. ఎదురు చెప్పకు."

"అన్నయ్యా, అసలు సంగతి ఏమిటంటే నిన్న మధ్యాహ్నం నేను..."

"వద్దురా. నాకు వివరాలొద్దు," అని అన్నయ్య నెత్తిన నీళ్ళు పోసేసుకున్నాడు. చిన్నోడు చెంబు పట్టుకుని బయటికొచ్చాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అన్నయ్య పొద్దున్న బట్టలివ్వడానికి వెళ్ళి, ప్రతి గుమ్మం దగ్గరా వీడ్కోలు చెప్పడం మొదలుపెట్టాడు. "ఇన్నేళ్ళు ఆదరించారు. ఇకమీదట ఎలా ఉంటుందో చెప్పలేం," అన్నాడు హోటలు మేనేజరుతో. మేనేజరు కళ్ళకి అన్నయ్య ఆరోగ్యంగానే కనిపించాడు కాబట్టి, జబ్బుపడింది వ్యాపారమే అయి ఉంటుందనుకున్నాడు. కొట్టు ఎత్తేస్తున్నారన్న మాట స్కూటరు కంటే ముందే వీధులు తిరిగింది. పదింటికల్లా జనం వదిన బల్ల ముందు మూగారు.

"మా కోటు ఇచ్చెయ్యండి."

"ఇంకా ఉతకలేదండీ."

"మురికిదే ఇచ్చెయ్యండి, ఫరవాలేదు. రేపు మీరు కనిపించకపోతే ఎవర్నడగాలి?"

"ఎందుకు కనిపించం? ఎక్కడికి పోతాం? ఎవరన్నారండీ మీకు?"

"మీ ఆయనే. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడాను."

ఒకావిడ తన దుప్పటి అనుకుని హోటలు దుప్పటి లాగింది. హోటలువాడు రెండో కొస పట్టుకున్నాడు. అమ్మ నోట్లో సూది పెట్టుకుని బొత్తాల డబ్బా గుండెకి హత్తుకుంది. చిన్నోడు మరకల బల్ల వెనక నిలబడి, ఒక్క చుక్క మందు ఎంత దూరం పాకిందో కళ్ళారా చూస్తున్నాడు. అప్పుడే అన్నయ్య లోపలికొచ్చాడు. అంతమందీ తనని చూడటానికే వచ్చారనుకుని, చేతులు జోడించాడు.

వదిన ఆ జోడించిన చేతులే పట్టుకుంది. "ఇక చాలు. పదండి డాక్టరు దగ్గరికి. అందరూ పదండి." కొట్టు తలుపు లాగేసింది. దాంతో కొట్టు ఎత్తేశారన్న మాటకి సాక్ష్యం కూడా దొరికింది.

చర్మం డాక్టరమ్మ గది చిన్నది. నలుగురూ లోపలికి వెళ్ళేసరికి తలుపు మూసుకోలేదు. ఆవిడ తొందరపాటు లేని మనిషి. లైటున్న చిన్న భూతద్దం వీపుకి ఆనించి చాలాసేపు చూసింది.

"దీని మీద ఏం పూశారు?" అంది.

"టూత్‌పేస్టు," అంది అమ్మ గర్వంగా.

"అది ఇంకెప్పుడూ పుయ్యకండి. ఇంకా?"



"వెనిగర్ నీళ్ళు," అన్నాడు చిన్నోడు నేల చూస్తూ.

మూడు తలలు అతని వైపు తిరిగాయి.

"దానికి ముందు?"

"సిరా మరకలు తీసే మందు. గుండ్రం కనిపించింది మేడం. గుండ్రం ఉంటే నేను మందు వేస్తాను. కోటు అనుకున్నాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను, ఎవరూ వినలేదు."

డాక్టరమ్మ భూతద్దం పక్కన పెట్టి, నవ్వు ఆపుకోవడానికి కాస్త దగ్గింది. "ఇది మామూలు పుట్టుమచ్చే. రెండు సగాలూ ఒక్కలాగే ఉన్నాయి, అంచు శుభ్రంగా ఉంది, రంగు ఒక్కటే. చుట్టూ ఉన్నదంతా మందుకి పొక్కిన చర్మం. వారంలో తగ్గిపోతుంది. అయినా చూపించమని పట్టుబట్టినావిడ మంచిపనే చేశారు. ఆ ఎండ జాగ్రత్తలు కూడా మానకండి."

అన్నయ్య బతికున్నందుకు సంతోషించాలో, బతికుండి అందరికీ వీడ్కోలు చెప్పినందుకు సిగ్గుపడాలో తేల్చుకోలేక ఊరుకున్నాడు. "ఇస్త్రీ యంత్రం నీకిచ్చానని ఎవరికీ చెప్పలేదు కదా?" అన్నాడు చివరికి తమ్ముడితో.

వదిన మాత్రం ఊరుకోలేదు. భయమంతా ఒక్కసారిగా కోపమైపోయింది. "మనిషికీ బట్టకీ తేడా తెలీదా నీకు? నిన్నటి నుంచి నా ప్రాణాలు తోడేశావు కదరా! కళ్ళజోడు ఉన్నది ముక్కు మీద బరువుకా?" అంటూ చూపుడువేలు చిన్నోడి ముఖం ముందు ఆడించింది. ఆ వేలు డాక్టరమ్మ ముందునుంచి అటూ ఇటూ పోతోంది.

డాక్టరమ్మ చెయ్యి చాచి, ఆ వేలుని గాల్లోనే పట్టుకుంది.

"ఒక్క నిమిషం. ఈ గోరులో గీత ఎప్పటినుంచి ఉంది?"

"అదా? సిరా మేడం. బట్టల చీటీల మీద నంబర్లు రాస్తాం కదా."

"కడిగితే పోలేదా?"

"మొండి మరక. ఎన్ని రాసినా పోవడం లేదు."

"ఇదివరకటి కంటే వెడల్పయిందా?"

వదిన వేలు ముడుచుకోబోయింది. డాక్టరమ్మ భూతద్దం మళ్ళీ అందుకుంది. గోరు మొదలు నుంచి చివర దాకా నిలువుగా నల్లటి పట్టీ. మొదలు దగ్గర వెడల్పుగా ఉంది. గోరు పక్క చర్మంలోకి కూడా ఆ నలుపు దిగింది.

"గోళ్ళ కింద, అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా చర్మం క్యాన్సరు వస్తుందమ్మా. మనలాంటి రంగువాళ్ళకి ఎక్కువగా ఎండ సోకని ఇలాంటి చోట్లే చూస్తుంటాం. అక్కడ ఎవరూ వెతకరు. ఇది ఏమీ కాకపోవచ్చు. కానీ గోరు కింద నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపకుండా ఏమీ కాదని నేను చెప్పలేను. రేపు రండి."

"రేపా? రేపు కుదరదండీ. కొట్టు మూసేశామని ఊరంతా అనుకుంటోంది. ఈ గొడవ సర్దుకోనివ్వండి, తీరిగ్గా చూద్దాం," అంది వదిన, వేలు వెనక్కి లాక్కుంటూ.

చిన్నోడు అన్నయ్య ముఖంలోకి చూశాడు. తీరిక లేదన్న మాట ఆ ఇంట్లో ఎక్కడినుంచి పుడుతుందో ఇద్దరికీ తెలుసు.

కొట్టు తెరిచాక వదిన ఒక్కొక్కరికీ సర్దిచెప్పి, లాక్కుపోయిన దుప్పట్లు వెనక్కి రప్పించి, ఏమీ జరగనట్టే పని చేసింది. సాయంత్రం దీపం వేసేవేళ చిన్నోడు లోపలికెళ్ళేసరికి, మరకల బల్ల దగ్గర వదిన కూర్చుని ఉంది. అరలోని సీసాలన్నీ బల్ల మీద ఉన్నాయి. గుడ్డతో గోరు రుద్దుకుంటోంది. చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయింది.

"నాకు చేతకావడం లేదు," అంది తలెత్తకుండా. "నువ్వు తియ్యి. నువ్వు తియ్యలేని మరక ఈ కొట్లో ఏముంది?"

చిన్నోడు ఆమె చెయ్యి దీపం కిందకి తెచ్చాడు. ఈసారి రెండు చేతులూ ఖాళీ చేసుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. నల్లటి పట్టీని చాలాసేపు చూశాడు. చేతి కింద సీసా ఉంది. మూత తీసి ఉంది. ఒక చుక్క వేస్తే ఆమె ఈ రాత్రికి నిద్రపోతుంది. ఇంకో నెల తీరిక లేకుండా ఉంటుంది.

ఖాతాదారుల బట్టల మీద ఇలాంటివి అప్పుడప్పుడు వస్తాయి. ఎంత రుద్దినా పోవు. ఆ మాట చెప్పాలంటే అతనికి ఎప్పుడూ మొహమాటం, వదిన చేతే చెప్పించేవాడు.

"ఇది మరక కాదు వదినా," అన్నాడు.

వదిన అతని వైపు చూసింది. తిట్టలేదు. చిన్నోడు సీసాలకి ఒక్కొక్కటిగా మూతలు బిగించి అరలో పెట్టేశాడు. అతను అవన్నీ సర్దేదాకా ఆమె అక్కడే కూర్చుని, తర్వాత లేచి మేడమెట్లెక్కింది.

భోజనాల దగ్గర అమ్మ ఏదో చెబుతోంది. అన్నయ్య, వీపు కుర్చీకి తగలకుండా వంగి కూర్చుని తింటున్నాడు. వదిన అందరికీ వడ్డించింది, తను కూర్చుంది, నీళ్ళు తాగింది.

"రేపు కొట్టు తియ్యడం లేదు," అంది మామూలు గొంతుతో. "గోరు కింద ముక్క తీయించుకోవడానికి వెళ్తున్నాను. ఏదన్నా ఉంటే ఇప్పుడే తెలియడం మంచిది. చిన్నోడు తోడొస్తాడు. మిగతావాళ్ళు ఇంట్లోనే ఉండండి."

"నేనెందుకు వద్దు?" అన్నాడు అన్నయ్య.

"మీరు ఏడుస్తారు."

అన్నయ్య అప్పటికే మొదలుపెట్టి ఉండటంతో దాని మీద ఇక చర్చ జరగలేదు.